వానలో నిలిచే చిన్న ఇళ్లు

చిక్కడపల్లిలో మా షాపు మెట్లెక్కి వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే, ఇవి బొమ్మలా అని. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అవునని అనలేదు. బొమ్మ అయితే పిల్లలు ఆడుకోవడం అయిపోయాక అటకెక్కుతుంది. నేను కట్టినవి మే నెల ఎండలో, ఆగస్టు వానలో, ఉడతల కాళ్ల కింద, పిల్లుల పోట్లాటల మధ్య ఆరుబయట నిలబడాలి. వాటి పక్క నుంచి ఒక చిన్న రైలు పోతూ ఉండాలి. నా చూపుడువేలంత మనుషులు తిరిగే ఆ లోకానికి స్టేషన్లు, గూడ్స్ షెడ్లు, సిగ్నల్ క్యాబిన్లు కట్టడం నా పని. పెరట్లో పట్టాలు వేసుకుని రైలు నడుపుకునేవాళ్లు మన ఊళ్లో కూడా ఉన్నారని నలభై అయిదో ఏడు వచ్చేదాకా నాకూ తెలియదు.

పోయిన ఏడాది పని మానేశాను. కట్టర్ పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి, అంతకన్నా పెద్ద కారణం లేదు. షాపును ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలు చూసుకుంటున్నారు. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు. లేజర్‌తో కోసే యంత్రం పెట్టారు. నేను రెండు రోజులు మెడ వంచుకుని కోసే కిటికీ, వాళ్లు టీ తాగి వచ్చేలోపు తయారై ఉంటుంది. నేను కుళ్లుకోలేదంటే అబద్ధం. కొంచెం కుళ్లుకున్నాను. రాయమని నన్ను అడిగింది వాళ్లే. ఏ జిగురు దేనికి పట్టుకుంటుంది, ఏ రంగు ఎన్నాళ్లు ఆగుతుంది అని ఒక పట్టిక రాసిస్తానని అనుకున్నారు. ఆ పట్టిక ఒక పేజీలో అయిపోయింది. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

నర్సింగరావు సార్

సార్ బిల్డర్లకు మోడల్స్ చేసేవారు. అపార్ట్‌మెంట్ పునాది కూడా పడకముందే దాన్ని చిన్నగా కట్టి, అద్దాల పెట్టెలో పెట్టి, చుట్టూ స్పాంజి చెట్లు నాటి, లోపల బల్బులు వెలిగించేవారు. నేను నారాయణగూడలో టైపు నేర్చుకుని, పరీక్ష పాసై, ఆయన షాపులో ఉత్తరాలు కొట్టడానికి చేరాను. మొదటి వారంలోనే ఒక రోజు నా చేతికి కట్టర్ ఇచ్చి, అట్ట మీద గీసిన గీత వెంట కోయమన్నారు. కోశాను. ఆయన భూతద్దం తీసి ఆ అంచును చాలాసేపు చూసి, టైపు మిషన్ అమ్మేస్తానన్నారు. నిజంగానే అమ్మేశారు.

ఆయన మంచి యజమాని కాదు. అరిచేవారు. వంకరగా అతికించిన బాల్కనీని అందరి ముందూ పీకి చేతిలో పెట్టేవారు. సెలవు అడిగితే వినపడనట్టు ఊరుకునేవారు. కానీ తనకు తెలిసిన పనిలో ఒక్క ముక్క కూడా దాచుకోకుండా నేర్పారు. ఆడపిల్లకు రంపం, డ్రిల్లు ఏమిటని ఎవరైనా అంటే వాళ్లతో మాట్లాడటం మానేసేవారు. అట్లా మానేసినవాళ్లలో ఆయన సొంత బావమరిది కూడా ఉన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. నా చేతుల్లో ఉన్న పనంతా ఆయన పెట్టిందే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కొంచెం ముందుకు పోతే ఆయన మీద నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది.

అశోక్‌నగర్ పెరడు

వసుంధర మేడం లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, వెతికితే గానీ కనపడని పాత ఇల్లు వాళ్లది. వెనక చిన్న వరండా, దాని ముందు జామ చెట్టున్న పెద్ద పెరడు. ఆమె చెల్లెలు శారద గారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై అక్కతోనే ఉంటున్నారు. వాళ్ల నాన్నగారు గోదావరి వైపు చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేశారట. అక్కచెల్లెళ్లిద్దరూ రైల్వే క్వార్టర్లలో పెరిగారు. అయితే రైలు పిచ్చి మాత్రం అక్కకే పట్టింది. చెల్లెలికి రైలంటే బదిలీలు, సామాన్లు కట్టుకోవడం, మళ్లీ కొత్త బడి. పెరట్లో తిరిగే రైలును చూసి ఆవిడ పెదవి విరిచేవారు.

మేడం జామ చెట్టు చుట్టూ పట్టాలు వేయించి, ఇంజనూ పెట్టెలూ బయటి దేశం నుంచి తెప్పించుకున్నారు. స్టేషన్ మాత్రం మనదే కావాలన్నారు. పెంకుటిళ్ల మధ్య పోవాల్సిన ప్యాసింజరు మంచుదేశం ఇళ్ల మధ్య పోతే ఎట్లా ఉంటుందో ఊహించుకోమన్నారు. ఎవరో చెబితే మా షాపుకు వచ్చారు. సార్ ఆమె తెచ్చిన ఫోటోలు చూసి ఆ పని నాకు అప్పగించారు. ఒక షరతు పెట్టారు. ఏదైనా ఒక ముక్క ముందు మన మేడ మీద ఏడాది పాటు ఎండకూ వానకూ ఉండాలి, తర్వాతే కొనేవాళ్ల ఇంటికి పోవాలి అని. ఏడాది ఎవరు ఆగుతారని నేను వాదించాను. ఆయన భుజాలెగరేసి, నీ ఇష్టం అన్నారు. సార్ నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే భయపడాలని నాకు తెలిసి ఉండాల్సింది.

మొదటి స్టేషన్‌ను యాక్రిలిక్ షీటుతో, షాపులో అలవాటైన పద్ధతిలోనే కట్టాను. చూడటానికి ఎంత బాగుందంటే మేడం దాని ముందు నేల మీద కూర్చుండిపోయారు. మార్చిలో పెట్టాం. మేలో ఫోన్ వచ్చింది.

"ఉమా, మా స్టేషన్ కప్పు లేచి సలాం చేస్తోంది. ఒకసారి వచ్చి చూసుకో తల్లీ."

వెళ్లి చూస్తే కప్పు నూనెలో పడ్డ అప్పడంలా వంగిపోయి ఉంది. మేడం నవ్వారు గానీ తిట్టలేదు. ఆ నవ్వుకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. అప్పుడు తిట్టి పంపేసి ఉంటే నేను మళ్లీ అద్దాల పెట్టెల్లోకే పోయేదాన్ని.

బకెట్ పరీక్ష

ఆ అవమానంతో రెండోసారి పిచ్చిపట్టినట్టు పనిచేశాను. ఎండకు వంగని గట్టి ఫోమ్ షీటు తెచ్చాను. పెంకులను సిమెంటుతో పోశాను. మేకుల బదులు తుప్పు పట్టని స్టీలు స్క్రూలు వాడాను. ముషీరాబాద్‌లో కార్లకు రంగు కొట్టే షెడ్డుకు గోడలు మోసుకుపోయి రంగు వేయించాను. అడుగున షాబాద్ బండ. స్టేషన్, గూడ్స్ షెడ్డు, సిగ్నల్ క్యాబిన్, మూడు కట్టాను.

ఇక నీళ్లు. షాపు లోపల బతికే మోడల్స్ చేసేవాళ్లకు నీళ్లంటే శత్రువు. ఒక చుక్క పడితే అట్ట ఉబ్బుతుంది, నెలల పని పోతుంది. కాబట్టి నాకు తెలిసిన విద్య ఒకటే, చుక్క లోపలికి రాకుండా మూయడం. ప్రతి అతుకులోనూ సిలికాన్ నింపాను. కిటికీలకు అద్దాలు బిగించాను. గోడలను అడుగు పలకకు అతికించి డబ్బాలా చేశాను. ఇచ్చే రోజున మేడం ముందు ఒక బకెట్ నీళ్లు గూడ్స్ షెడ్డు నెత్తిన కుమ్మరించి, కప్పు స్క్రూలు విప్పి, లోపల వేలు పెట్టి చూడమన్నాను. పొడిగా ఉంది. మేడం చప్పట్లు కొట్టారు. శారద గారు కూడా వరండాలోంచి తొంగి చూశారు. ఆ రోజు ఇంటికి నడిచిపోతూ నా అంత పనిమంతురాలు ఈ ఊళ్లో లేదనుకున్నాను.

నేను మూయనిది ఒక్కటే ఉంది. పాత స్టేషన్లలో కప్పు కింద గోడకు చిన్న వెంటిలేటర్లు ఉంటాయి. నాన్నగారి ఆఫీసులో వాటిలోంచి పిచ్చుకలు వచ్చేవని మేడం చెప్పారు. వాటిని నల్లరంగుతో గీసి సరిపెట్టడానికి నాకు మనసొప్పలేదు. శనగగింజ పట్టేంత నిజమైన కంతలే పెట్టాను, మూడు భవనాలకూ. పైన చూరు ముందుకు ఉంది కదా, వాన అక్కడిదాకా రాదనుకున్నాను.

బకెట్‌లో నీళ్లు నిలువుగా పడతాయి. వాన నిలువుగా పడదు.

గూడ్స్ షెడ్డు లోపల

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. వానాకాలం చివర్లో శారద గారికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో చేర్చారు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఇంటి కూలర్, తొట్లు, పూలకుండీల కింద పళ్లేలు, మేడ మీది ట్యాంకు, అన్నీ చూసిపోయారు. మేడం ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషి. ఎక్కడా ఏమీ దొరకలేదు.

నాకు ఆ సంగతులేవీ తెలియవు. పెద్ద వాన తర్వాత ఒకసారి చూసి రావాలని మామూలుగా వెళ్లాను. పనిచేసే మల్లమ్మ గేటు తీసి విషయం చెప్పింది. వచ్చాను కదా అని పెరట్లోకి పోయి గూడ్స్ షెడ్డును బండ మీద నుంచి ఎత్తబోయాను. అది లేవలేదు. మళ్లీ ఎత్తితే లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది.

స్క్రూలు విప్పి కప్పు తీశాను. నాలుగు వేళ్ల లోతున తేటగా, తాగడానికి పనికొచ్చేలా నీళ్లు ఉన్నాయి. అందులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. స్టేషన్ విప్పాను, అందులోనూ అంతే. క్యాబిన్‌లోనూ అంతే. ఏటవాలు జల్లు వెంటిలేటర్లలోంచి లోపలికి పోయింది. నేను అంత శ్రద్ధగా మూసిన అడుగులోంచి ఒక్క చుక్క బయటికి పోలేదు. చీకటి, చల్లదనం, శుభ్రమైన నీళ్లు. దోమలకు నేను మూడు ఇళ్లు కట్టిచ్చాను.

మూడింటినీ జామ చెట్టు మొదట్లో ఒంపేశాను. గుడ్డతో తుడిచాను. కప్పులు బిగించాను. ఏమైందక్కా అని మల్లమ్మ అడిగితే వాన నీళ్లని చెప్పాను. ఎండ వచ్చింది, కాసేపట్లో అంతా ఆరిపోయింది.

పదకొండు రోజులు

షాపుకు వచ్చి సార్‌కు చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా మాట్లాడారు. ఆయన నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"ఉమా, దోమకు అడ్రసుంటదా? వాళ్ల ఇంటి పక్కనే నాలా ఉన్నది, గంత పెద్ద కాలువ. గా దోమే కుట్టిందని ఎవరు చెప్పాలె? నువ్వు ఎవరికీ ఏం చెప్పకు. షాపు పేరు పోతది."

ఆయన చెప్పింది తర్కానికి తప్పు కాదు. ఆ దోమే కుట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలిసే దారి కూడా లేదు. నేను ఆ మాటను పట్టుకున్నాను. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి పట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత పండ్లు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. శారద గారు కళ్లు తెరవడం లేదు. మేడం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ నలగని చీరలో చూసిన మనిషి, జుట్టు కూడా దువ్వుకోలేదు. నన్ను కారిడార్‌లోకి తీసుకొచ్చి అడిగారు, ఇల్లంతా వెతికించాను, నీళ్లు ఎక్కడ నిలిచాయో నాకు అర్థం కావడం లేదు, నీకేమైనా తోస్తోందా అని. ఆమె నన్ను నిలదీయడానికి అడగలేదు. కట్టడాలు తెలిసినదాన్ని కదా అని సాయం అడిగారు.

పక్కనే ఆ నాలా కాలువ ఉంది కదా మేడం, అన్నాను.

ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో వెంటిలేటర్లు చిన్నవి. ఆ కారిడార్‌లో అన్న మాట పెద్దది. జిగురు తప్పు, రంగు తప్పు, కొలత తప్పు, ఇవన్నీ అందరూ చేస్తారు. తప్పు తెలిసిన మనిషి నోరు మూసుకుంటే, తెలియని మనిషి దాని పక్కనే బతుకుతూ ఉంటుంది. అప్పుడు నాకు ఇంత స్పష్టంగా తోచలేదు. 

శారద గారు గండం గడిచి ఇంటికి వచ్చాక, నేను నీళ్లు ఒంపేసిన రోజు నుంచి లెక్కపెడితే పదకొండో రోజున, సార్‌కు చెప్పకుండా అశోక్‌నగర్ వెళ్లాను. అక్కచెల్లెళ్లిద్దరూ వరండాలో ఉన్నారు. నిలబడే మొత్తం చెప్పాను. ఆ దోమేనని గట్టిగా చెప్పలేం గానీ అని మొదలుపెట్టబోతే మేడం చెయ్యి ఎత్తి ఆపారు.

"నిరూపణ ఎవరడిగారు? నీళ్లు ఉన్నాయి. అది చాలు." మళ్లీ అడిగారు. "ఆసుపత్రిలో నేను అడిగినప్పుడు నీకు తెలుసా?"

"ఎరుకే మేడం."

ఆమె లేచి పెరట్లోకి దిగి పట్టాలు ఊడదీయడం మొదలుపెట్టారు. ఒక్కో ముక్కా విప్పి గోనెసంచిలో వేశారు. నేను చెయ్యి వేయబోతే వద్దన్నట్టు తల ఊపారు. మూడు భవనాలనూ మల్లమ్మతో గేటు పక్కన, పాత సామాన్ల వాడు తీసుకుపోయే చోట పెట్టించారు. నేను గేటు దాటేసరికి పొద్దు వాలింది. పెరట్లో జామ చెట్టు చుట్టూ పట్టాల గుర్తు మాత్రం మిగిలింది.

శారద గారి సంచి

నెల గడిచింది. సార్‌కు చెప్పేశాను, ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఆ మానేసినవాళ్ల జాబితాలో నేనూ చేరాను. ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. శారద గారు. సగానికి సగం తగ్గిపోయారు. చేతిలో కూరగాయల సంచి, అందులో గూడ్స్ షెడ్డు. గేటు దగ్గర పెట్టిన రోజే మూడింటినీ అక్క చూడకుండా మల్లమ్మతో మేడ మీద దాయించారట.

కుర్చీ వేసి నీళ్లిచ్చాను. ఆయాసం తగ్గాక ఆవిడ సంచి నా ముందు పెట్టారు.

"ఇందులో నీళ్లు నిలవకుండా చెయ్యగలవా?"

 మీరు తెచ్చారా అని మాత్రం అన్నాను.

"నాకు జ్వరం తగ్గిందమ్మా. అక్కకి తగ్గలేదు. నేను దగ్గితే ఉలిక్కిపడుతోంది. రోజుకి నాలుగుసార్లు బకెట్లు బోర్లిస్తోంది. నా మొహం చూడాలంటే తప్పు చేసినదానిలా చూపు తిప్పుకుంటోంది. నాకా రైలంటే ఎప్పుడూ ఇష్టం లేదు. కానీ అది తిరిగినప్పుడు ఉన్న అక్క కావాలి నాకు."

ఆవిడ వెళ్లిపోయాక లోపలి గది తలుపు తీసుకుని సార్ బయటికి వచ్చారు. అంతా విన్నారని మొహం చూస్తే తెలిసింది. గూడ్స్ షెడ్డును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, నన్ను చూడకుండానే లోపలికి తీసుకుపోయారు.

వానలో ఇళ్లు చూడటం

ఆ వారంలోనే తుఫాను పట్టింది. రెండో రోజు పొద్దున సార్ గొడుగు తెచ్చుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, షాపు కింద నిలబడి నన్ను పిలిచారు. ఎక్కడికి సార్ అంటే ఇండ్లు చూడడానికి అన్నారు.

చిక్కడపల్లి సందుల్లోంచి నారాయణగూడ దాకా నడిచాం. ఎండలో వెయ్యిసార్లు చూసిన ఇళ్లే. వానలో నేను ఎప్పుడూ ఇళ్లను చూడలేదు, తల దాచుకోవడానికి మాత్రమే చూశాను. ఆయన ఒక్కో దాని ముందూ ఆపి చూపించారు. కిటికీ పైన సజ్జా కింద, అంచుకు దగ్గరగా, వేలంత గాడి ఉంటుంది. నీటిచుక్క గోడ వైపు పాకుతూ వచ్చి ఆ గాడి దగ్గర ఆగి కింద పడిపోతుంది. ప్రహరీ గోడ అడుగున ఇటుక ఇటుకకూ మధ్య సందు వదులుతారు. మేడ మీద నుంచి గొట్టం గోడకు అతుక్కోకుండా జానెడు ముందుకు వచ్చి నీళ్లను దూరంగా పోస్తుంది. పాత మేస్త్రీలు చేసిన ఇవన్నీ నేను మోడల్స్‌లో అందం కోసం పెట్టేదాన్ని. ఎందుకున్నాయో ఎప్పుడూ అడగలేదు.

ఒక పాత ఇంటి అరుగు మీద ఇద్దరం తడిసి నిలబడ్డాం. సార్ వీధి వైపు చూస్తూ అన్నారు.

"చూడు. ఏ ఇల్లు గూడ నీళ్లను ఆపుతలేదు. పోనీకి తొవ్వ ఇస్తున్నది." మళ్లీ అన్నారు. "చెప్పకు అన్న గదా నీతోని. గా ముచ్చటల నేను గలత్ చెప్పిన బిడ్డా."

ఆయన అంతకు ముందు ఎవరికైనా ఆ మాట చెప్పారో లేదో నాకు తెలియదు. నా ఫిర్యాదు అక్కడితో పోయింది. ఇప్పుడు ఆయన లేరు. ఆ అరుగు మీద తడిసిన పది నిమిషాల కోసం ఆయన అరుపులన్నీ మాఫీ చేశాను.

షాపుకు వచ్చి, మిగిలిన రెండింటినీ మల్లమ్మతో తెప్పించుకుని, మూడు భవనాల అడుగు పలకలనూ రంపంతో కోసి పారేశాం. అప్పటి నుంచి నేను కట్టిన ఏ భవనానికీ అడుగు లేదు. నాలుగు చిన్న స్టీలు కాళ్ల మీద, బండకు గోరంత ఎత్తున నిలబడుతుంది. బండ నడుమ కొంచెం ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. సజ్జా కింద గాడి, వెంటిలేటర్ల వెనక దోమ పట్టని సన్నకంతల స్టీలు జాలి. కప్పును ఒక్క చేత్తో ఎత్తి లోపల చూడగలగాలి, స్క్రూ డ్రైవర్ వెతుక్కునే పని ఉండకూడదు. ఇక బకెట్ పరీక్ష మానేశాను. చలికాలమంతా మేడ మీద రోజూ పొద్దున గొట్టంతో పక్క నుంచి, కింద నుంచి, గాలి ఎటు వీస్తే అటు నుంచి నీళ్లు కొట్టేదాన్ని. పక్కింటివాళ్లకు నాకు మతి పోయిందని అనుమానం వచ్చింది.

అమ్మాయిలూ, మీ యంత్రం నా కన్నా సన్నగా కోస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది వానలో నడవదు. మీరు నడవండి. ఎవరైనా మీ పనిని మెచ్చుకుంటున్నప్పుడు మీరు దేన్ని పరీక్షించలేదో ఆలోచించండి. ఉడతలు జామకాయలు తెచ్చి కప్పు మీద కొరుక్కుంటాయి, పెంకులు పగులుతాయి, వాటితో పోట్లాట పెట్టుకోకండి, అదనంగా నాలుగు పెంకులు పోసి ఇవ్వండి. బాగుందని ఫోటో తీసుకుని పోయే కస్టమర్ కన్నా, కప్పు లేచిందని ఫోన్ చేసే కస్టమర్ మీకు ఎక్కువ మేలు చేస్తారు. తప్పు జరిగితే మొదటి రోజే చెప్పండి. నాకు పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ ఇంకా నా లెక్కలోనే ఉన్నాయి.

మొదటి వాన

మే నెలలో శారద గారు కబురు చేశారు. ఆవిడా నేనూ మల్లమ్మా కలిసి గోనెసంచిలోంచి పట్టాలు తీసి జామ చెట్టు చుట్టూ మళ్లీ వేశాం. భవనాలు పెట్టాం. మేడం కిటికీలోంచి చూశారు. వద్దనలేదు, బయటికి రాలేదు. ఇంజను ఆమె బీరువాలో ఉంది, దాన్ని ఎవరం అడగలేదు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. ఈదురుగాలితో, ఏటవాలుగా, ఒకటే జోరు. నేను ఆటో ఎక్కి అశోక్‌నగర్ పోయేసరికి తెరిపి ఇస్తోంది. శారద గారు అప్పటికే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు లేకుండా పెరట్లో నిలబడి ఉన్నారు. గూడ్స్ షెడ్డు ఎత్తి కింద బండను అరచేత్తో తడిమారు. కప్పు తీసి లోపల వేళ్లు పెట్టారు. స్టేషన్ ఎత్తారు. క్యాబిన్ ఎత్తారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. మూడూ చూశాక ఆవిడ ఇంటి వైపు తిరిగి పిలిచారు.

"అక్కా, రా. వచ్చి చెయ్యి పెట్టి చూడు."

మేడం చాలాసేపటికి వచ్చారు. వంగి ఒక్కోదాన్ని ఎత్తి చూశారు. లెక్కల మాస్టారు జవాబుపత్రం దిద్దుతున్నట్టు, వెనక్కి వెళ్లి మొదటిది మళ్లీ చూశారు. తర్వాత లోపలికి వెళ్లిపోయారు. అయిపోయిందనుకున్నాను. శారద గారు కదల్లేదు, గుమ్మం వైపే చూస్తున్నారు.

మేడం పాత తువ్వాలులో చుట్టిన ఇంజను తీసుకుని బయటికి వచ్చారు. పట్టాలు కొంగుతో తుడిచి, దాన్ని పెట్టి, రెండు పెట్టెలు తగిలించారు. రైలు ఒకసారి మొరాయించింది, మళ్లీ కదిలింది. స్టేషన్ దాటింది, షెడ్డు దాటింది, జామ చెట్టు వెనక్కి పోయి ఇటు వచ్చింది. శారద గారు వరండాలో కుర్చీలో కూర్చుని, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, దాన్ని చివరిదాకా చూశారు. అక్క చెల్లెలి మొహం వంక చూశారు, ఈసారి చూపు తిప్పుకోలేదు.

నేను లేచి వెళ్లి మేడం పక్కన నిలబడ్డాను. ఇన్నాళ్లుగా నోట్లో ఉన్న మాట అనేశాను, నేను ఆ రోజు వచ్చి చెప్పి మీకు ఇన్ని నెలలు రైలు లేకుండా చేశాను మేడం, క్షమించండి అని.

ఆమె రైలు మీద నుంచి కళ్లు తీయలేదు.

"చెప్పకపోతే రోజూ నడుపుకునేదాన్ని. శారద ఆ నీళ్ల పక్కన, ఆ కుర్చీలోనే కూర్చునేది. డెంగీ రెండోసారి వస్తే మనిషి దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. మళ్లీ వానాకాలం వచ్చింది చూడు ఉమా."